పరఖీ పెట్టిన సీసా

మా మావయ్య కూర్మయ్య ఎవరినీ నమ్మడు. ప్యాకెట్టు పాలు కూడా గోరు మీద చుక్క వేసి, అది నిలుస్తుందో జారుతుందో చూశాకే పొయ్యి మీద పెట్టనిస్తాడు. నా పెళ్ళిచూపులకి మా ఊరు బారువ వచ్చినప్పుడు మా నాన్న పళ్ళెంలో పెట్టిన జీడిపప్పుని ఒక్కొక్కటే సగానికి విరిచి, లోపల పురుగు లేదని తేల్చుకుని మరీ తిన్నాడు. ఈ సంబంధం వద్దని ఆ రోజే అనాల్సింది. అనలేదు, పన్నెండేళ్ళు గడిచాయి.

ఆయన తప్పు కూడా కాదు. ముప్పై నాలుగేళ్ళు డాకులో, అంటే ఓడరేవులో, చేసిన పని అదే. ఓడలోంచి దిగిన గోనెసంచుల్లో సరుకు బాగుందో లేదో చూసే సర్వేయరు బాబు వెంట తిరిగేవాడు. చేతిలో పరఖీ ఉండేది. పరఖీ అంటే జానెడు ఇనుప గొట్టం, ఒక కొన మొనదేలి ఉంటుంది. సంచిలో గుచ్చి లాగితే పిడికెడు బియ్యమో పప్పో గొట్టంలోంచి అరచేతిలోకి జారుతుంది. చూడటం అయ్యాక చిల్లు మీద బొటనవేలితో రెండుసార్లు రుద్దితే గోనె పోగులు దగ్గరికి జరిగి, సంచి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. "సంచి మీద అచ్చు సూసి సరుకు నమ్మినోడు ఎర్రోడు" అన్నది మావయ్యకి వేదం. ఆ పరఖీ ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి పటం వెనకాల ఉంది.

అలాంటి మనిషికి పెద్దపేగులో క్యాన్సర్ వచ్చింది. రక్తం పడుతున్న సంగతి ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. మొలలనుకున్నాడట. డాక్టర్ని నమ్మకపోతే పోయె, ఇంట్లోవాళ్ళనైనా నమ్మాలి కదా! ఆపరేషన్ చేసి మూరెడు పేగు తీశారు. అప్పటికే కాలేయంలో రెండు మచ్చలు తేలాయి. కీమో మొదలుపెట్టారు.

ఆస్పత్రి న్యూ టౌన్‌లో, మేముండేది డాకు పక్కన మెటియాబ్రుజ్ బస్తీలో. ఈ బెంగాలీ నగరానికి ఆ చివరొకటి, ఈ చివరొకటి. ఒక ఆటో, రెండు బస్సులు. నా భర్త చంటి డాకులో కాంట్రాక్టు పని చేస్తాడు, వరసగా మానితే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. అందుకని మావయ్యని తీసుకెళ్ళేది నేనే. నేను కుట్టు కార్ఖానాలో కాజాలు తీసి బొత్తాలు కుడతాను. వారానికో రోజు మానేస్తే మా మాస్టరు నోరు నొప్పి పుట్టేదాకా తిట్టి ఊరుకుంటాడు.

లక్ష్మీసౌజన్య మాకు పరిచయమైంది ఆ ఆస్పత్రిలోనే. వరంగల్ పిల్ల. అక్కడ కొత్త మందు ఒకదాన్ని రోగుల మీద పరీక్షిస్తున్నారు, ఆ పని చూసే డాక్టరు. మేం తెలుగువాళ్ళమని తెలిసి మొహం చేటంత చేసుకుని వచ్చి పక్కన కూర్చుంది. మావయ్యకి మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

"మనల్ని సూసి అంత సంబరమేటి ఈ పిల్లకి?" అన్నాడు నా చెవిలో.

సంగతేమిటంటే, కీమో ఎలాగూ ఇస్తారు. దానితో పాటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చిన్న సీసాడు మందు తాగాలి. పసుపులోంచి తీసిన పదార్థం. ల్యాబులో క్యాన్సర్ కణాల మీద పనిచేసింది. మనుషుల్లో పనిచేస్తుందో లేదో ఇప్పుడు చూస్తున్నారు.

"పసుపా?" అన్నాడు మావయ్య. "పెరటి సెట్టు మందుకి పనికిరాదంటారు. మా ఇంటిది రోజూ పప్పులో ఏస్తాది. అరవై ఎనిమిదేళ్ళు తిన్నాను. దాన్తో తగ్గీదయితే అసలు రాకూడదు కదమ్మా?"

"మంచిగ అడిగిన్రు అంకుల్," అంది సౌజన్య. "కూరలో తిన్న పసుపు పేగుల్లోనే పాడైపోతది. రక్తంలోకి దాదాపు చేరదు. అందుకే దాన్ని కొవ్వు పొరలో చుట్టినం. కంటికి కనబడనంత చిన్న బుడగలు, లైపోజోములు అంటరు. మీరు డాకులో చేసిన్రు కదా, బియ్యం సంచుల్లేకుండా ఓడలో పోస్తే ఒడ్డుకి ఎంత చేరుతది? ఇదీ అంతే. పొర సంచి, పసుపు సరుకు. సంచి గట్టిది. కడుపులో యాసిడ్ కూడా దాన్ని అంత తొందరగా తెంపలేదు."

సంచి గట్టిదని ఆమె చెప్పింది. నేను అక్కడే కూర్చుని విన్నాను. ఈ కథలో నాకు సాకు లేదు.

తర్వాత అసలు మెలిక చెప్పింది. ఈ పరీక్షలో చేరినవాళ్ళలో సగం మందికి మందు ఇస్తారు. మిగతా సగానికి పసుపు లేని ఉత్త బుడగలు ఇస్తారు. రంగు ఒకటే, రుచి ఒకటే. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికి తెలీదు, సౌజన్యకి తెలీదు, పెద్ద డాక్టరుకీ తెలీదు. కంప్యూటరే చీటీలు వేసి పంచుతుంది. అలా చేయకపోతే మందు గుణమో, మన నమ్మకం గుణమో తేలదట.

మావయ్య కళ్ళు చిన్నవయ్యాయి. అది జీడిపప్పు విరిచినప్పటి చూపు. ఇంటికొచ్చి మా అత్త అప్పమ్మతో చెప్పాడు, "ఇంట్లో డబ్బాలో ఉన్న పసుపుకి పద్నాలుగు సంతకాలు పెట్టమంతన్నారు. అదీ ఇస్తారో ఇవ్వరో ఆలకే తెల్దంట."

మా అత్త బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "నమ్మి సెడినోలు నేరు, నమ్మక సెడినోలున్నారు గానీ. సంతకం పెట్టు," అంది. ఈ భూమ్మీద మావయ్య ఎదురు చెప్పని మనిషి ఆవిడ ఒక్కతే. సంతకాలు పెట్టాడు.

నెలన్నర తాగాడు. ఇష్టంగా కాదు. ప్రతి సీసానీ వెలుగుకి ఎత్తి పట్టి చూసేవాడు. పసుపుపచ్చగా, పల్చటి మజ్జిగలా ఉండేది. వాసన చూసేవాడు. "పసుపు కంపు రాదేటి?" అనేవాడు. ఆర్నెల్ల పిల్లకి మందు పట్టినట్టు నేను పక్కన నిలబడితే గానీ గొంతులో పోసుకునేవాడు కాదు. ఆ మధ్యలో స్కాన్ తీశారు. మచ్చలు పెరగలేదన్నారు. నాకు పట్టలేని సంతోషం వేసింది. మావయ్య మాత్రం, "అది కీమో గుణం. సీసాది అనుకుంతన్నావేటి?" అన్నాడు.

అనుమానం పెనుభూతం అంటారు. దానికి అన్నం పెట్టి పెంచినవాడు మృత్యుంజయ బాబు. సాల్ట్ లేక్‌లో సొంత ఇల్లు, పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనాయన. ఆయనా ఈ పరీక్షలోనే ఉన్నాడు. కీమో ఎక్కించే హాల్లో పక్క కుర్చీలో కూర్చుని, "దాదా, నాకు రోజంతా పసుపు తేన్పులే. నాలిక కూడా పచ్చబడింది. నాకు అసలైన మందే పడింది," అని బెంగాలీలో మురిసిపోయాడు. మావయ్య ఆయన నాలిక చూశాడు. బస్సులో అద్దం దొరకలేదు గానీ, ఇంటికి రాగానే తన నాలిక చూసుకున్నాడు. మామూలుగానే ఉంది.

"సూడమ్మా రోజా," అన్నాడు ఆ సాయంత్రం. "ఓడ సరుకు ఏదొచ్చినా మంచి సంచులు బాబుల గొడౌన్లకి ఎల్లేవి. తడిసినవీ, పురుగు పట్టినవీ మాకు పంచీవోరు. చీటీలేసే పంచేమని ఆలూ సెప్పీవోరు. మెటియాబ్రుజ్ ముసిలోడికి మంచిది పొయ్యడానికి ఎవుడికి పట్టింది?"

నాకూ అలాగే అనిపించింది. ఆ కుర్చీల్లో ఎవర్ని ఎలా పలకరిస్తున్నారో నేనూ చూస్తున్నాను కదా! ఒక నర్సు మృత్యుంజయ బాబుని 'సార్' అంటుంది, మా మావయ్యని 'ఏయ్ దాదూ, జరుగు' అంటుంది. పుండు మీద కారం పడ్డట్టయింది.

"పరీక్ష సేసి సూసెద్దుమా మావయ్యా?" అన్నాను.

ఆ మాట అన్నది నేనే.

పసుపు సంగతి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎర్రబడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు అలా చేసినవే. పసుపు మరక మీద సబ్బు పడ్డా ఎర్రబడుతుంది. ఒకసారి కార్ఖానాలో అన్నం తింటూ, బొత్తాలు కుట్టిన తెల్ల పంజాబీ మీద, అంటే లాల్చీ మీద, పప్పు చుక్క పడేసి, సబ్బుతో రుద్ది, అది రక్తం మరకలా తేలితే మాస్టరు చేత చీవాట్లు తిన్నాను. రెండూ నాకు తెలుసు. సున్నమైతే గట్టిదని, సందేహం మిగలదని సున్నమే ఎంచుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అత్త పక్కింటి జగ్గమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు, మూల మీద పాన్ కొట్టులో ఆకులో పెట్టించుకుని సున్నం తెచ్చాను. రెండు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో వంటింటి పసుపు నీళ్ళు, రెండోదాంట్లో సీసాలోంచి సగం. మావయ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. జబ్బు చేశాక ఆయన్ని అంత నిటారుగా చూడలేదు. మళ్ళీ డాకులో ఉన్నట్టే ఉన్నాడు.

వంటింటి పసుపులో సున్నం వేయగానే భగ్గున ఎర్రబడింది. సీసా మందులో వేశాను. కలిపాను. ఇంకా కొంచెం వేసి కలిపాను. పసుపుపచ్చగానే ఉంది. వంద లెక్కపెట్టాను. రంగు ఇసుమంతైనా మారలేదు.

"సూసేవా?" అన్నాడు మావయ్య. గెలిచిన గొంతు కాదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి, గెలిచినప్పుడు కూడా అలా నీరుకారిపోవడం నేనెప్పుడూ చూడలేదు. "రంగునీళ్ళు. నెలన్నర రంగునీళ్ళు తాగేనమ్మా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సౌజన్య నవ్వు గుర్తొచ్చి ఇంకా మండింది. గిన్నెలు పారబోసి కడిగేద్దామని లేస్తే మావయ్య ఆపాడు. ఆ రెండూ తనే గుమ్మం బయట కాలవలో పారబోశాడు. మిగతా సగం ఉన్న సీసాకి మూత బిగించి, దేవుడి పటం వెనకాల పరఖీ పక్కన పెట్టాడు. సాక్ష్యమట. ఆ పూట నుంచి ఫ్రిజ్‌లో సీసాలు ముట్టలేదు.

గురువారం మిగిలిన సీసాలు సంచిలో వేసుకుని న్యూ టౌన్ వెళ్ళాం. బస్సులో మావయ్య ఒకటే మాట చెప్పాడు, "పరఖీ పెట్టిన సంగతి సెప్పకు. సూసినోడు నోరు ఇప్పితే అవతలోడు సంచి మార్చెస్తాడు. డాకులో ఇది మొదటి పాఠం."

సౌజన్య సీసాలు లెక్కపెట్టింది. "ఇన్ని ఎందుకు మిగిలినయి? పైగా ఒకటి తక్కువుంది," అంది.

"పగిలిపోనాది," అన్నాడు మావయ్య. "ఇంక నాకు ఈ పరీచ్ఛ వొద్దు. పేరు తీసీ."

ఆమె మొహంలో రంగు తగ్గింది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఎందుకు అంకుల్? వాంతులా? కడుపునొప్పా? ఎవరన్నా ఏమన్నా అన్నరా?"

"నా ఇష్టం."

"మీ ఇష్టమే. ఎవరూ బలవంతం చెయ్యరు. కీమో ఆగదు, దానికి భయం లేదు. కానీ ఒకసారి బయటికి పోతే మళ్ళీ తీసుకునుడు కుదరదు. అది రూలు. ఏం అనుమానం వచ్చిందో నాకు చెప్పండి, ప్లీజ్."

అప్పుడు నేను ఆగలేకపోయాను. "సాల్ట్ లేక్ బాబులకి మందూ, మా బస్తీవోలకి రంగునీళ్ళూనా?" అని గట్టిగా అరిచేశాను. హాల్లో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు.

"అట్ల ఎవరు చెప్పిన్రు రోజా? నాకే తెలీదు ఎవరికి ఏది పోయిందో."

ఎలా తెలిసిందో నోటి చివరిదాకా వచ్చింది. సున్నం అన్న ఒక్క మాట చాలు. మావయ్య నా మోచేతి మీద చెయ్యి వేశాడు. మింగేశాను. ఆమె కంగారు చూసి, దొంగ దొరికిపోయినప్పటి కంగారు అనుకున్నాను. ఈ రోజు తలుచుకుంటే నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

కాగితం తెచ్చింది. ఇంకోసారి అడిగింది. మావయ్య సంతకం పెట్టాడు. ఈసారి ఒక్క చోటే పెట్టాల్సి వచ్చింది.

ఇంటికి చేరేసరికి సాయంత్రం ఐదైంది. కొళాయిలో నీళ్ళొచ్చే వేళ. అంట్లు ముందేసుకుని కూర్చున్నాను. మా అత్త దీపం పెట్టబోయి పటం వెనక సీసా చూసి కేకలు మొదలుపెట్టింది. "దేవుడెనకాల ఈ మందు సీసా ఏటి? కంపు కొడతంది. తీసీ, బేగి తీసీ!" నాలుగు రోజులు బయట ఉండి విరిగిపోయినట్టుంది. తీసుకొచ్చి, ఎలా ఉందో చూద్దామని స్టీలు గిన్నెలో సగం వొంపాను. పారబోస్తే ఆ పసుపు జిడ్డు గిన్నెకి అంటుకునే ఉంది. అంట్లసబ్బు రుద్దిన పీచుతో ఒక్క తిప్పు తిప్పాను.

గిన్నె ఎర్రబడింది.

పీచు ఎర్రబడింది. నా వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి నురగ కారింది. తెల్ల పంజాబీ మీద పప్పు మరక తేలిన ఎరుపే. ఒక క్షణం చెయ్యి తెగిందనుకున్నాను. చెయ్యి తెగలేదు.

సీసాలో ఇంకా కొంచెం ఉంది. ఆకులో ఎండిపోయిన సున్నం ఉంది. మూతలో చుక్క వేసి సున్నం కలిపాను. పసుపుపచ్చగానే ఉంది. అందులోనే సబ్బు నురగ ఒక బొట్టు వేశాను. ఎర్రబడింది. అప్పుడు గుర్తొచ్చాయి ఆ మాటలు. పొర సంచి, పసుపు సరుకు. సంచి గట్టిది. సున్నం సంచి పైపైనే తిరిగింది. జిడ్డుని వదిలించే సబ్బు ఆ కొవ్వు సంచిని విప్పేసింది. లోపల పసుపు ఉంది. మొదటి నుంచీ ఉంది.

సౌజన్యకి ఫోన్ చేశాను. ఏడుస్తూ, ముందుదీ వెనకదీ కలిపేసి చెప్పాను.

"సున్నంతో చూసిన్రా?" అంది. "ఆ పొర లోపలికి చేరుడే కష్టం సున్నానికి. రోజా, పొద్దున ఒక్క మాట చెప్పుంటే అయిపోయేది కదా!"

"తప్పయిపోనాది మేడం. ఆ కాగితం సింపెయ్యండి. రేపు పొద్దున్నే తీసుకొస్తాను."

"కాగితం మధ్యాహ్నమే పైకి పోయింది. అదొక్కటే కాదు. ఇప్పుడు మీకు తెలిసిపోయింది, నాకూ తెలిసిపోయింది. ఏది తాగుతున్నరో తెలిసినవాళ్ళని ఇందులో ఉంచరు. పైవాళ్ళకి ఇది నేను చెప్పక తప్పదు. అడిగి చూస్తా, కానీ ఆశ పెట్టుకోకండి." గొంతు తగ్గించి అంది, "అది పనిచేస్తదో లేదో మాకే ఇంకా తెలీదు. అది గుర్తుపెట్టుకోండి."

ఓదార్చడానికే అంది. నిజం కూడా అదే అయ్యుండొచ్చు. కానీ మచ్చలు పెరగలేదన్న ఆ స్కాన్ మాట నా చెవిలోంచి పోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? నాకు మాత్రం ఆకులు కూడా దొరకలేదు.

లోపలికి వెళ్ళాను. మావయ్య మంచం మీద కూర్చుని కిటికీలోంచి వీధి చూస్తున్నాడు. దాచేద్దామా అనిపించింది. చెప్పకపోతే ఆయన తన లెక్కే సరైందనుకుని ప్రశాంతంగా ఉంటాడు. కానీ మావయ్య కళ్ళు నా మొహం మీద కాకుండా నా చేతుల మీద పడ్డాయి. ముప్పై నాలుగేళ్ళు అరచేతుల్లో సరుకు చూసిన కళ్ళవి.

"ఏటమ్మా ఆ సేతులు?"

చెప్పాను. సబ్బు, సున్నం, సంచి, ఫోను, మళ్ళీ చేర్చుకోరన్న మాట, అన్నీ చెప్పాను. సున్నం తెచ్చింది నేనే, నన్ను తిట్టు మావయ్యా అన్నాను. ఆయన తిట్టలేదు. అప్పుడు ఆయన మొహంలో, దేవుడి సాక్షిగా చెబుతున్నాను, సంతోషం కనిపించింది.

"అయితే మనకి అసలు సరుకే ఇచ్చేరన్నమాట," అన్నాడు. "మనకే ఇచ్చేరు."

"అవును మావయ్యా."

ఆ సంతోషం మెల్లగా ఇంకిపోయింది. దాని వెనక వచ్చినదాన్ని చూడలేక నేను తల దించుకున్నాను. ఆయన నా చెయ్యి అందుకున్నాడు. ఎర్రబడ్డ అరచేతి మీద బొటనవేలు ఆనించి, సంచి చిల్లు మీద రుద్దినట్టు రెండుసార్లు రుద్దాడు. చేతిని వెలుగులోకి తిప్పి చూశాడు. మళ్ళీ రెండుసార్లు రుద్దాడు.